మోకాలి వాపు వెనక తెల్లపాదాల ఎలుక: తిరుపతిలో చూసిన ఒక లైమ్ వ్యాధి కేసు

మన ప్రాంతంలో ఎలుకలతో ముడిపడిన జబ్బులు అనగానే వైద్యులకు స్క్రబ్ టైఫస్ (నల్లి కాటుతో వచ్చే జ్వరం), లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటితో అంటే జ్వరం) గుర్తుకొస్తాయి. వాటిని పట్టుకోవడంలో మనకు మంచి అనుభవమే ఉంది. అయితే పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి నెలల తరబడి ఉండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అక్కడి అడవి ఎలుకల్లో నిలిచి ఉండి, పిడుదు కాటుతో మనిషికి చేరే లైమ్ వ్యాధి ఇక్కడి ఓపీకి మోకాలి వాపు రూపంలో రావచ్చు. తిరుపతిలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్న నేను ఈ కేసును రాసి ఉంచడానికి కారణం అదే. రోగి అనుమతి తీసుకునే రాస్తున్నాను. వయసు, ఊరు, కుటుంబ వివరాలను గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. జబ్బు నడిచిన క్రమాన్ని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆమెకు అరవై ఏళ్లు దాటాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో తోతాపురి మామిడి తోట, రెండు ఆవులు, కొంత వేరుశనగ సాగు ఉన్న కుటుంబం. షుగరు లేదు, బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. కొడుకు అమెరికా ఈశాన్య భాగంలోని ఒక రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలి కాన్పు కోసం ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లి, అక్టోబరులో తిరిగి వచ్చారు. నవంబరు చివర, వానలు జోరుగా ఉన్న రోజుల్లో, కుడి మోకాలు వాచింది. జనవరిలో నా దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలో రెండు ఆస్పత్రుల ఫైళ్లు, ఒక సంచి నిండా మందులు ఉన్నాయి.

సమస్య

మోకాలు బాగా వాచి ఉంది. చిప్ప చుట్టూ నీరు చేరినట్టు చేతికి స్పష్టంగా తెలుస్తోంది. తాకితే కాస్త వెచ్చగా ఉంది కానీ ఎర్రబడలేదు. అంత వాపు ఉన్నా ఆమె ఒకరి చేయి పట్టుకుని నడవగలుగుతున్నారు, నొప్పి వాపుకు తగ్గంత లేదు. చీము పట్టిన కీలైతే కాలు కదపనివ్వదు. అరుగుదల నొప్పైతే ఇంత నీరు ఇంత త్వరగా చేరడం అరుదు. ఈ పొంతన లేకపోవడం నాకు మొదటి నుంచీ ముఖ్యమనిపించింది. మిగతా కీళ్లు బాగున్నాయి. జ్వరం లేదు. ఒంట్లో వాపును సూచించే రక్త పరీక్ష ఈఎస్ఆర్ 60 ఉంది, అంటే ఎక్కువే.

అంతకుముందు జరిగిన వైద్యం

మొదట చూసినవారు అరుగుదల అనుకుని నొప్పి మాత్రలు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. ఈ వయసులో, పొలం పని చేసే మనిషికి అది సహజమైన ఆలోచనే. డిసెంబరులో రెండు రోజులు ఒళ్లు వెచ్చబడితే, ఊరి దగ్గరి వైద్యుడు స్క్రబ్ టైఫస్ పరీక్ష చేయించారు. ఐజీఎం ఎలైజా (ఇన్ఫెక్షన్ తొలి రోజుల్లో వచ్చే యాంటీబాడీలను వెతికే రక్త పరీక్ష) ఫలితం అంచు విలువలో వచ్చింది. వానాకాలం, తోటలో పని, పొదలు, ఎలుకలు: అన్నీ ఆ జబ్బువైపే చూపిస్తున్నందున ఒక వారం డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. మన జిల్లాలో ఈశాన్య రుతుపవనాల కాలంలో జ్వరం వస్తే ఆ మందు ఆలస్యం చేయకూడదన్న సూత్రం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాబట్టి ఆ నిర్ణయంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. జ్వరం తగ్గింది. మోకాలి వాపు కూడా కొంత తగ్గి, పది పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికొచ్చింది.

ఆ తర్వాత మరో చోట మోకాల్లోంచి నీరు తీసి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. వారం పాటు హాయిగా ఉంది, మళ్లీ నీరు చేరింది. చికున్‌గున్యా ఐజీఎం నెగటివ్. కీళ్లవాతం కోసం చూసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగటివ్. ఒక్క కీలు వారాల తరబడి వాచి ఉంటే మన దేశంలో క్షయ గురించి ఆలోచించక తప్పదు కనుక, పరీక్షల కోసం ఆగకుండా క్షయ మందులు మొదలుపెడదామన్న సలహా కూడా కుటుంబానికి అందింది. వాళ్లు నా దగ్గరికి వచ్చింది ఆ సలహాపై రెండో అభిప్రాయం కోసమే.

నా మొదటి అడుగులు

క్షయ మందులు ఆరు నెలలకు పైగా వాడాలి. కాలేయం మీద ప్రభావం చూపుతాయి. ఒకసారి మొదలుపెట్టాక వాపు దానంతట అదే తగ్గినా ఆ ఘనత మందుకే పోతుంది. అందువల్ల ముందు మోకాలి నీటిని పరీక్షించకుండా ఆ దారి పట్టడం నాకు సమ్మతం కాలేదు. మళ్లీ నీరు తీసి పంపాం. తెల్లకణాలు క్యూబిక్ మిల్లీమీటరుకు 22 వేలు, వాటిలో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్ అనే రకం; అంటే కీల్లో గట్టి వాపే ఉంది. స్ఫటికాలు లేవు, అంటే గౌట్ కాదు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష నెగటివ్. ఇంట్లో ఆవులు ఉన్నందున బ్రూసెల్లా పరీక్ష కూడా చేయించాను; అదీ నెగటివ్. ఒక్క సీబీనాట్ నెగటివ్‌తో కీలు క్షయను పూర్తిగా కొట్టివేయలేం, కీలు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూడవలసి రావచ్చని ఇంటివాళ్లకు చెప్పాను.

ఆ ముక్క తీయించే లోపు చరిత్రను మొదటి నుంచి మళ్లీ అడగాలనుకున్నాను. ఫైళ్లన్నింట్లోనూ 'అమెరికా వెళ్లి వచ్చారు' అన్న మాట ఉంది. ఏ రాష్ట్రం, ఏ నెలలు, ఎలాంటి ఇల్లు, పగలంతా ఏం చేసేవారు అన్నది ఎక్కడా లేదు. పెద్ద దేశం గనుక ఆ ఒక్క మాటతో మనకు తెలిసేది చాలా తక్కువ.

చరిత్రలో దొరికినవి

ఆమె చెప్పిన ప్రకారం కొడుకు ఇంటి వెనక గడ్డి నేల, దాని చివర రాతి గోడ, గోడ అవతల చెట్ల తోపు. గోడ పక్కనే చలిమంటకు కొట్టి పెట్టిన కట్టెల దొంతర. పని లేకుండా కూర్చోలేని మనిషి కావడంతో మే నెలలో ఆ గోడ వారనే మట్టి తవ్వి గోంగూర, కొత్తిమీర, బీర పాదు వేశారు. పొద్దునా సాయంత్రం అక్కడే గడిపేవారు. జూన్ మొదట్లో తొడ వెనక ఎర్రటి మచ్చ ఒకటి వచ్చి, రోజురోజుకూ పెద్దదై అరచేయంత అయింది. దురద, నొప్పి లేవు. “ఏదో పురుగు కుట్టింటాది సార్, పసుపు పూసుకున్నా, మానిపోయింది” అన్నారు. పురుగు కనిపించిందా అని అడిగితే లేదన్నారు.

కోడలితో వీడియో కాల్‌లో మాట్లాడినప్పుడు రెండో విషయం బయటపడింది. జూలైలో మనవరాలి బారసాల రోజు ఫోటోల్లో ఆమె నవ్వు ఒక పక్కకు వంకరగా ఉంది. మళ్లీ అడిగితే, ఆ రోజుల్లో నీళ్లు పుక్కిలిస్తే ఒక పక్క నుంచి కారిపోయేవని, కుడి కన్ను సరిగా మూతపడేది కాదని చెప్పారు. పంటి నొప్పి అని సర్దిచెప్పారట. అక్కడ డాక్టరు దగ్గరికి వెళితే కొడుక్కి ఎంత ఖర్చవుతుందోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. ఆగస్టులో దానంతట అదే సర్దుకుంది. ఆ ఫోటోలను తేదీలతో సహా తెప్పించుకుని చూశాను. నుదురు ముడుతలు కూడా ఒక పక్కనే ఉన్నాయి, అంటే అది ముఖ నరం పక్షవాతం.

జూన్‌లో వ్యాపించే ఎర్రమచ్చ, జూలైలో ముఖ నరం బలహీనత, నవంబరులో ఒక పెద్ద కీలు వాపు. విడివిడిగా చూస్తే మూడూ మామూలు విషయాలే. ఈ వరసలో, ఆ ప్రాంతంలో, ఆ నెలల్లో జరిగాయి గనుక లైమ్ వ్యాధి బలమైన అనుమానంగా మారింది.

ఎలుక ఎందుకు ముఖ్యం

ఇక్కడ కాస్త ఆగి ఆ అడవి ఎలుక గురించి చెప్పాలి, ఎందుకంటే నా తర్వాతి నిర్ణయాలన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. లైమ్ అనేది కనెటికట్ రాష్ట్రంలోని ఒక ఊరి పేరు. 1970వ దశకంలో ఆ పరిసరాల్లో పిల్లలకు కీళ్ల వాపులు గుంపుగా రావడంతో ఈ జబ్బు వెలుగులోకి వచ్చింది. 1980వ దశకం తొలి ఏళ్లలో విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల్లో కనుగొన్న మెలిక తిరిగిన బ్యాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు: బొరేలియా బర్గ్‌డార్ఫెరి. దాన్ని మనిషికి చేర్చేది నల్లకాళ్ల పిడుదు. మన పశువుల మీద, కుక్కల మీద కనిపించే గోమార్లు వేరే జాతులవి.

గుడ్డు నుంచి వెలువడిన ఆ పిడుదు లార్వాలో ఈ బ్యాక్టీరియా ఉండదు. తల్లి పిడుదు నుంచి పిల్లకు అది దాదాపు చేరదు. అంటే ప్రతి కొత్త తరం పిడుదులూ శుభ్రంగానే పుడతాయి. జబ్బు నిలబడాలంటే ప్రతి తరానికీ దాన్ని కొత్తగా అంటించే జంతువు ఒకటి కావాలి. అమెరికా ఈశాన్య అడవుల్లో ఆ పని అన్నిటికంటే సమర్థంగా చేసేది తెల్లపాదాల ఎలుక. చిప్‌మంక్ అనే ఉడుత జాతి జంతువూ, చుంచులూ కూడా తోడవుతాయి. ఆ ఎలుకకు బ్యాక్టీరియా సోకినా జబ్బు చేయదు. నెలల తరబడి రక్తంలోనూ చర్మంలోనూ దాన్ని మోస్తూ, తనను కుట్టిన లార్వాల్లో చాలా వాటికి అంటిస్తుంది. రిజర్వాయర్ అంటే వైద్యశాస్త్రంలో అర్థం ఇదే. జింకల సంగతి వేరు. పెద్ద పిడుదులు రక్తం తాగి గుడ్లు పెట్టడానికి జింక ఆధారమే గానీ, ఆ బ్యాక్టీరియా జింకలో నిలవదు. పిడుదుల సంఖ్య పెరగడానికి జింక కారణం, పిడుదుల్లోకి జబ్బు ఎక్కడానికి ఎలుక కారణం.

దీన్ని ఏళ్ల తరబడి నిలబెట్టేది రుతువుల వరస. గత ఏడాది ఎలుకను కుట్టి బ్యాక్టీరియా తెచ్చుకున్న లార్వాలు చలికాలం దాటి, నింఫ్‌లుగా (లార్వాకూ పెద్ద పిడుదుకూ మధ్య దశ) మారి, మే నుంచి జూలై దాకా రక్తం కోసం వెతుకుతాయి. ఆ క్రమంలో ఆ ఏడాది ఎలుకలకు బ్యాక్టీరియా అంటిస్తాయి. కొత్త లార్వాలు ఆగస్టు ప్రాంతంలో బయటికి వచ్చేసరికి ఎలుకలు సిద్ధంగా ఉంటాయి. మనుషులకు జబ్బు ఎక్కువగా అంటించేది కూడా ఆ నింఫ్‌లే, అదీ ఆ నెలల్లోనే. నింఫ్ గసగసాల గింజంత ఉంటుంది, కుట్టినా నొప్పి ఉండదు. ఈమెకు పురుగు కనిపించకపోవడం లైమ్ కాదనడానికి ఆధారం కాదు. రాతి గోడల సందుల్లో, కట్టెల దొంతరల్లో ఆ ఎలుకలు గూళ్లు కడతాయి. ఓక్ చెట్లు విపరీతంగా కాయలు రాల్చిన ఏడాది తర్వాత ఎలుకలు పెరుగుతాయని, ఆ మరుసటి వేసవిలో బ్యాక్టీరియా ఉన్న నింఫ్‌లు పెరుగుతాయని న్యూయార్క్ రాష్ట్రంలో రిచర్డ్ ఆస్ట్‌ఫెల్డ్ బృందం దీర్ఘకాలం చేసిన అధ్యయనాలు చూపాయి.

ఈ కొడుకే టెక్సాస్‌లో ఉండి ఉంటే నా అనుమానం చాలా బలహీనపడేది. దక్షిణ రాష్ట్రాల్లో ఈ పిడుదు పిల్లలు ఎలుకలకంటే బల్లి జాతి జీవుల మీద ఎక్కువగా బతుకుతాయి, వాటిలో ఈ బ్యాక్టీరియా సరిగా నిలవదు. కాలిఫోర్నియాలో అక్కడి వేరే జాతి పిడుదు పిల్లలను ఒక రకం తొండ పోషిస్తుంది. దాని రక్తానికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉంది. కాబట్టి 'అమెరికా' అని రాసుకోవడంతో ఆగిపోకూడదు. ఆ పెరట్లో పిడుదు పిల్ల ఏ జంతువును కుట్టి ఉంటుందో తెలిస్తేనే ప్రయాణ చరిత్రకు అర్థం ఉంటుంది.

పరీక్ష, దాని అర్థం

ఈ లెక్క కట్టాకే రక్తం పంపాను. లైమ్ పరీక్ష రెండు అంచెలు: మొదట ఎలైజా, అది పాజిటివ్ అయితే వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీలు బ్యాక్టీరియాలోని ఏ ప్రోటీన్లను పట్టుకున్నాయో పట్టీలుగా చూపే పరీక్ష). ఎలైజా ఒక్కటే చూసి నమ్మకూడదు. లెప్టోస్పైరోసిస్, సిఫిలిస్ వంటి మెలిక బ్యాక్టీరియా జబ్బులున్నవారికి అది తప్పుగా పాజిటివ్ చూపవచ్చు, పైగా లెప్టో మన దగ్గర అరుదేమీ కాదు. అందుకే ఆ రెండు పరీక్షలూ పక్కనే చేయించాను, నెగటివ్. ఎప్పుడూ చిత్తూరు దాటని రైతుకు మోకాలు వాస్తే, 'ఎందుకైనా మంచిది' అని ఇదే ఎలైజా పంపడం సరి కాదని నా అభిప్రాయం. భారతదేశంలో అక్కడక్కడా లైమ్ కేసులు నివేదించిన మాట నిజమే గానీ, సోకే అవకాశమే తక్కువగా ఉన్నచోట వచ్చిన పాజిటివ్‌లో తప్పుడు పాజిటివ్‌ల వాటా ఎక్కువ.

ఎలైజా గట్టిగా పాజిటివ్ వచ్చింది. బ్లాట్‌లో ఐజీజీ (ఆలస్యంగా వచ్చి ఎక్కువ కాలం నిలిచే యాంటీబాడీ) ప్రమాణం 10 పట్టీల్లో కనీసం 5. ఈమెకు 8 కనిపించాయి. ఐజీఎం పట్టీలను నేను లెక్కలోకి తీసుకోలేదు, జబ్బు మొదలైన తొలి 30 రోజులు దాటాక వాటికి విలువ లేదు. కీళ్ల దశకు చేరిన లైమ్‌లో ఐజీజీ బలంగా ఉండి తీరాలి. అది లేకపోతే నేను క్షయ వైపు తిరిగి వెళ్లి, పొర ముక్క తీయించి ఉండేవాణ్ణి. ఈ జబ్బు గుండెలోని విద్యుత్ ప్రసారాన్ని అడ్డగించగలదు కనుక ఈసీజీ తీశాం. పీఆర్ విరామం (గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం చేరే సమయం) మామూలుగానే ఉంది.

ముందు ఎందుకు కుదరలేదు, తర్వాత ఏది పనిచేసింది

డిసెంబరులో ఇచ్చిన మందు, జనవరిలో నేను రాసిన మందు ఒకటే: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. స్క్రబ్ టైఫస్‌కు వారం చాలుతుంది. లైమ్ కీళ్ల వాపుకు 28 రోజులు కావాలి. వారం మందుతో వాపు కొంత తగ్గి తిరిగి రావడాన్ని బట్టి మందు పనిచేయలేదని కాదు, చాలలేదని నేను అర్థం చేసుకున్నాను. డాక్సీసైక్లిన్‌కు జ్వరం తగ్గింది కాబట్టి అది స్క్రబ్ టైఫసే అనడం కూడా కుదరదు. మన ప్రాంతంలో ఈ తర్కం తరచుగా వినిపిస్తుంది, ఆ మందుకు లొంగే జబ్బులు అనేకం. ఇక స్టిరాయిడ్ ఇంజెక్షన్ విషయానికొస్తే, యాంటీబయాటిక్ కంటే ముందు దాన్ని ఇస్తే లైమ్ కీలు మానడం ఆలస్యం కావచ్చని హెచ్చరిక ఉంది. అందువల్ల రెండో ఇంజెక్షన్ వద్దన్నాను.

మందు వేసుకునే తీరును దగ్గరుండి చూడవలసి వచ్చింది. డిసెంబరులో ఆమె డాక్సీసైక్లిన్‌ను కాల్షియం మాత్రతో కలిపి, మజ్జిగతో మింగారట. కాల్షియం ఆ మందుకు అతుక్కుని ఒంటికి పట్టనివ్వదు. ఈసారి కాల్షియం మాత్రలు ఆపించాను. మందుకూ పాలు పెరుగులకూ మధ్య రెండు గంటల ఎడం పెట్టించాను. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలని, వేసుకున్నాక అరగంట పడుకోకూడదని, ఎండలో తోటకు వెళితే చేతులు మెడ కప్పుకోవాలని రాసిచ్చాను. మధ్యాహ్నం సంగటి తిన్న వెంటనే వేసుకోవద్దని చెప్పాను, రాగుల్లో కాల్షియం ఎక్కువ.

రెండో వారం చివరికి వాపు సగం తగ్గింది. కోర్సు ముగిసేసరికి కొద్దిగా నీరు మిగిలే ఉంది. ఇక్కడ తొందరపడి రెండో కోర్సు మొదలుపెట్టాలనిపించడం సహజం. అయితే బ్యాక్టీరియా పోయాక కూడా కీలు పొర సర్దుకోవడానికి వారాలు పడుతుంది. తగ్గుదల ఆగకుండా సాగుతున్నంత కాలం వేచి చూడడం మేలని నిర్ణయించి, తొడ కండరాలకు ఫిజియోథెరపీ చేయించాను. మామిడి కోతల నాటికి ఆమె ఎవరి చేయీ పట్టుకోకుండా తోటలో తిరుగుతున్నారు.

తోట ఎలుకల ప్రశ్న

మందు మొదలైన వారంలో ఆమె భర్త అడిగిన ప్రశ్న నాకు వైద్యం అంత ముఖ్యమనిపించింది. “ఈ జబ్బు మా తోట ఎలకలకి అంటుకుంటాదా సార్? మందు పెట్టి అన్నింటినీ చంపేద్దామా?” అప్పటికే జింక్ ఫాస్ఫైడ్ కొని పెట్టుకున్నారు.

అంటుకోదని చెప్పి, ఎందుకో వివరించాను. మనిషి నుంచి ఎలుకకు చేరాలంటే మధ్యలో ఆ పిడుదు ఉండాలి, అది మన దగ్గర లేదు. మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బూ కాదు. అయితే వాళ్ల తోటలో స్క్రబ్ టైఫస్ భయం నిజమైనదే, అక్కడ ఎలుక పాత్ర వేరు. ఆ క్రిమి చిగ్గర్ నల్లిలో తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు చేరుతుంది. దాన్ని నిలవ ఉంచేది ప్రధానంగా నల్లే. పందికొక్కులు, ఎలుకలు, చుంచులు ఆ నల్లి పిల్లలకు ఆహారం, వాహనం. వానాకాలంలో ఒక్కసారిగా ఎలుకలను చంపితే ఆకలిగొన్న నల్లి పిల్లలు మరో ఒంటిని వెతుక్కుంటాయి, అది కలుపు తీసే మనిషిది కావచ్చు. ముందు గట్ల మీద పొదలు, ఇంటి చుట్టూ గడ్డి కొట్టించి, ధాన్యం ఎలుకలకు అందకుండా చేసి, ఎలుకల మందు సంగతి వ్యవసాయ అధికారి సలహాతో ఎండాకాలంలో చూసుకోమన్నాను. పొదల్లో పని చేసి వచ్చాక స్నానం చేసి బట్టలు మార్చుకోవాలని, జ్వరం వస్తే ఒంటి మీద నల్లటి పక్కు కట్టిన పుండు ఉందేమో చంకల్లో, గజ్జల్లో వెతికి చూడాలని చెప్పాను.

కొడుక్కి చెప్పిన జాగ్రత్తలు వేరు, ఎందుకంటే అక్కడి ఎలుక వేరు. కట్టెల దొంతరను ఇంటికి దూరంగా జరిపించాలి. రాలిన ఆకులు ఊడ్పించాలి. గడ్డి నేలకూ చెట్ల తోపుకూ మధ్య మూడడుగుల వెడల్పున చిన్న చెక్క ముక్కలు పరచాలి. మే నుంచి జూలై దాకా పెరట్లో తిరిగినవాళ్లు, ముఖ్యంగా పసిపిల్ల, సాయంత్రం ఒళ్లంతా వెతికి చూసుకోవాలి. పిడుదు అంటుకున్నాక బ్యాక్టీరియా ఒంట్లోకి రావడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది గనుక ఆ రోజే తీసేస్తే ప్రమాదం చాలా తక్కువ. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, నూనె పోయడం, కాల్చడం చేయకూడదు. పిడుదులను చంపే పర్మెత్రిన్ మందు పట్టించిన దూదిని గొట్టాల్లో పెట్టి ఎలుకలు గూళ్లకు తీసుకెళ్లేలా చేసే పద్ధతి ఉందని, దాని ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదని కూడా చెప్పాను.

ఈ కేసు తర్వాత మా ఓపీ కాగితంలో ప్రయాణం గడిని మార్చాం. దేశం పేరుతో పాటు రాష్ట్రం, నెలలు, ఇంటి వెనక ఏముంది, తోటపని చేశారా, చర్మం మీద మచ్చ వచ్చిందా అని రాసుకుంటున్నాం. వాటికి జవాబు రోగికి గుర్తులేకపోతే ఫోన్లో ఫోటోలు చూపించమంటున్నాం. ఈమె డిశ్చార్జి కాగితంలో మరో వాక్యం పెద్ద అక్షరాల్లో రాశాను: లైమ్ ఐజీజీ యాంటీబాడీలు వైద్యం తర్వాత కూడా ఏళ్ల తరబడి పాజిటివ్‌గా ఉండవచ్చు, కాబట్టి జబ్బు తగ్గిందా అని చూడడానికి ఈ పరీక్ష మళ్లీ చేయించవద్దు, ఆ ఫలితం ఒక్కటే చూసి మళ్లీ మందు మొదలుపెట్టవద్దు.